అడుగు గిన్నెలో బజ్జీలు

ఆ కాలంలో మా ఇంట్లో బేరమాడటం ఎవరూ నేర్పే విద్య కాదు, ఊపిరితోపాటే వచ్చేది. కడపలో మా నాయనకు బెల్లం, చింతపండు అంగడి. చిన్నప్పుడు పాలు తాగడానికి కూడా మా అమ్మ దగ్గర ఏదో ఒక కొసరు రాబట్టందే గ్లాసు ముట్టేవాణ్ణి కాదట. మీసాలు వచ్చేసరికి నన్ను మించిన బేరగాడు రాయలసీమలో లేడని నాకు గట్టి నమ్మకం. (ఆ నమ్మకం నా ఒక్కడికే ఉండేదని తర్వాత తెలిసింది.) దాన్ని మూటగట్టుకునే కర్నూలులో మా మేనమామ హోటలుకు చేరాను.

హోటలంటే పెద్దగా ఊహించుకోకండి. కొన్ని బెంచీలు, ఒక బాణలి, పొద్దున్నే బొరుగులు నానబెట్టి చేసే ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ. కర్నూలు రాజధానిగా ఉన్నన్నాళ్లు గుమాస్తాలు చోటు దొరక్క నిలబడి తినిపోయేవాళ్లు. రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది, వాళ్లూ పోయారు. వీధిలోవాళ్లతో ఎలాగో నెట్టుకొస్తుంటే మరుసటేడు ఫ్లూ జ్వరం దిగింది. నలుగురు కూర్చునేచోట అంటుకుంటుందని ఒక్కరూ మా గడప తొక్కలేదు. నానబెట్టిన బొరుగులు తినలేక మేము, మేము పెట్టింది తినలేక పక్కింటి బర్రె, ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం. మామ తేల్చేశాడు. "అమావాస్య దాకా చూస్తా. అప్పటికీ ఇట్లే ఉంటే ఈ గది కట్టెల అడితికి ఇచ్చేసి ఆలూరు పోయి జొన్నచేను చూసుకుంటా. నువ్వు మీ నాయన అంగడికి పో." ఓడిపోయిన బేరగాడిగా మా నాయన ముందు నిలబడటం కంటే ఆ బర్రెతో కలిసి బొరుగులు తినడం నయమనిపించింది.

మా వీధికి వైద్యం చేసే ఆయన్ను అందరూ లంఖణాల స్వామి అనేవాళ్లు. తలనొప్పి వచ్చినా తేలు కుట్టినా మొదట లంఖణం, తర్వాత పత్యం. పత్యమంటే మెత్తటన్నం, మిరియాల చారు, బీరకాయ. అది ఇంట్లో వండిందే తినాలి, బయటి వంట ముట్టకూడదు. అయితే ఇంటిల్లిపాదీ మంచమెక్కితే పొయ్యి వెలిగించేదెవరు? అక్కడే నాకు ఉపాయం తట్టింది. నేరుగా స్వామి దగ్గరికి పోయాను.

"స్వామీ, మీరు చెప్పినట్టే మా మామ వండుతాడు. నేను సైకిలు మీద ఇంటింటికీ క్యారియర్ ఇచ్చొస్తా. మా పత్యం పనికొస్తుందని మీరొక మాట అంటే చాలు."

"అంటాను. దాంట్లో ఉల్లిగడ్డ గానీ మిరపకాయ గానీ కనపడిందా, ఈ వీధిలో నీ హోటలు పేరు ఎత్తనీయను."

ఒప్పుకున్నాను. ఒప్పుకోవడానికి ఏం పోయింది?

మొదటి క్యారియర్ జవళి అంగడి తాత ఇంటికి. ఆయనా అవ్వా ఇద్దరూ మంచాల మీదే ఉన్నారు. తాత మూత తీసి చూసి నిట్టూర్చాడు. అవ్వ నీళ్లకు లేచి పోగానే నా చెయ్యి పట్టుకున్నాడు. "అబ్బీ, రేపు అడుగు గిన్నెలో రెండు బజ్జీలు పెట్టుకోనిరా. నోరు చచ్చిపోయింది. మీ అవ్వకు చెప్పొద్దు." నేను బయటికి వస్తుంటే వాకిట్లో అవ్వ ఆపింది. "ఏమప్పా, రేపటి నుంచి నాకు వేరే క్యారియర్ తీసుకోనిరా. అడుగున బజ్జీలు ఉండాల. మీ తాతకు తెలిస్తే నన్ను బతకనీయడు." మర్నాటి నుంచి ఇద్దరూ చెరో గోడకు తిరిగి పత్యం తిన్నారు.

ఈ సంగతి వీధిలో ఎట్లా పాకిందో నేను చెప్పలేను. (చెప్పగలను గానీ చెప్పను.) ప్రతి ఇంటికీ అడుగు గిన్నె బరువెక్కింది. మామ బాణలి మళ్లీ కాగింది. జ్వరం తగ్గుముఖం పట్టింది గానీ క్యారియర్లు తగ్గలేదు, పెరిగాయి. మంచం మీద పడుకుంటే బజ్జీ వస్తుంది, లేస్తే ఇంట్లో సంగటి. ఎవరు లేస్తారు? స్వామి నాడి పట్టుకుంటే అందరిదీ ఒకే మాట, "జ్వరం పోయింది స్వామీ, నీరసం పోలేదు." చివరికి స్వామి మందు పనిచేయడం లేదని, సూదిమందు డాక్టరును పిలుద్దామని కొందరు అనడం మొదలుపెట్టారు.

అమావాస్య ముందురోజు స్వామి మా హోటలుకు వచ్చాడు. బల్లమీద సిద్ధంగా ఉన్న క్యారియర్‌ను ఒక్కో గిన్నే విప్పాడు. అడుగు గిన్నె దగ్గరికి వచ్చేసరికి మామ బాణలి వెనక్కి జరిగాడు. నాకు కట్టెల అడితి, జొన్నచేను, మా నాయన, అందరూ వరసగా కనపడ్డారు.

స్వామి ఒక బజ్జీ తీసి వాసన చూశాడు. "వాము వేసినారా?"

"వేసినాం స్వామీ," అన్నాడు మామ.

"అట్లయితే అరుగుతుంది." కొరికాడు. ఆయన నములుతుండగానే నేను బేరానికి దిగాను. "స్వామీ, ఈ ఒక్కసారికి..."

"నువ్వు ఊరికుండు. నా మందు పనిచేసిందని వీధికి తెలియాల. మీ హోటలు నడవాల. అంతే గదా? రేపు అందరికీ చెప్తా. ఈ జ్వరానికి పత్యంలో ఆఖరి మెట్టు బజ్జీ. పడుకోని తింటే విషం. ఈడిదాకా నడిచొచ్చి, కూర్చోని తింటేనే ఒంటికి పడుతుంది."

మామ చేతులు జోడించాడు. "మీ రుణం ఎట్లా తీర్చుకోవాల స్వామీ?"

"నేనూ పొద్దున్నే నడిచొస్తా. నాకు మాత్రం ఆఖరి మెట్టు లేదా?"

"రోజూనా స్వామీ?" అన్నాను నేను.

"రోజూ," అన్నాడాయన, రెండోది తీసుకుంటూ. (ఆయన ఆ తర్వాత చాలాకాలం, చాలా ఆరోగ్యంగా బతికాడు.)

మర్నాడు వీధి వీధంతా లేచి నడిచొచ్చింది. తాత ముందువాకిలి నుంచీ, అవ్వ సందువైపు నుంచీ వచ్చి ఒకే బెంచీ దగ్గర ఎదురుపడ్డారు.

"నువ్వెప్పుడు మొదలుపెట్టినావు?" అన్నాడు తాత.

"నీ నోట్లో వాము వాసన వచ్చిన పొద్దే," అంది అవ్వ.

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. మామ ఆ రోజు ఆలూరు ఊసెత్తలేదు. నా దగ్గరికొచ్చి మెల్లగా ఒక్క మాటే అడిగాడు. "బేరం నువ్వు చేసినావా, ఆయన చేసినాడా?"

ఇప్పుడు నాకూ వయసు మీదపడింది. చిన్న జలుబు చేసినా ఇంట్లోవాళ్లు మంచం దిగనివ్వరు. మొండికేసి సందు చివరి హోటలు దాకా నడిచిన రోజున జ్వరం లేదని నాకు నేనే తీర్పు చెప్పుకుని బెంచీమీద కూర్చుంటాను. నడవలేని రోజున బజ్జీలకు మనవణ్ణి పంపిస్తాను. నడిచి రావాలన్నారు గానీ ఎవరి కాళ్లతో అన్నది స్వామి చెప్పలేదు కదా అని, ఎదురుగా లేని ఆయనతో ఇప్పుడు బేరమాడుతుంటాను. ఈసారి గెలుస్తున్నాను గానీ, ఒప్పుకోవడానికి ఆయన లేడు.