ఆపరేటరమ్మ రెండు లైన్లు

ఆఫీసులో ఆవిడను అందరూ ఆపరేటరమ్మ అంటారు. పద్దెనిమిదో ఏట టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరి, తీగలు ఇక్కడ పీకి అక్కడ గుచ్చుతూ సగం జీవితం గడిపిన మనిషి. ఎక్స్ఛేంజి మూతపడ్డాక ఈ డ్రోన్ల కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఏ డ్రోన్ ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది రాసుకోవడమే పని. అంతకుమించి ఆవిణ్ణి ఎవరూ అడగలేదు, అడగాలని ఎవరికీ తోచనూ లేదు.

కొండ అవతలి ఆసుపత్రికి మందులు మోసే డ్రోన్ రెండుసార్లు సగం దారిలోంచి వెనక్కి వచ్చేసింది. కొండ ఇవతల దానికి సెల్ టవరే దిక్కు, అవతల ఉపగ్రహం దిక్కు. శిఖరం దగ్గర టవర్‌ని వదిలి ఉపగ్రహాన్ని అందుకునేలోపు పదకొండు సెకన్లు దానికి ఎవరి మాటా వినపడదు. వినపడకపోతే ఇంటికి వచ్చెయ్యమని నేర్పారు మరి, బుద్ధిగా వచ్చేసేది. మూడోసారీ తప్పితే ఈ దారి రద్దు చేస్తామని పైనుంచి కబురొచ్చింది. ఆ ఆసుపత్రిలో నర్సు ఆపరేటరమ్మ సొంత చెల్లెలు. మందు సమయానికి అందక ప్రాణాలు పోయినవాళ్ల గురించి చెల్లెలు ఈవిడకు ఫోన్లో చెప్పుకుని ఏడ్చేది.

ఆ మధ్యాహ్నం ఇంజినీర్లు తలలు పట్టుకుని కూర్చున్నారు. పెద్ద పెద్ద చదువులే, కాదనడానికి లేదు. బోర్డు నిండా లెక్కలే. ఆపరేటరమ్మ ఇక ఉండబట్టలేకపోయింది.

"ఒక్క మాట చెప్పనా బాబూ? మీరు మొదటి లైను పీకేశాక రెండోది వెతుకుతున్నారు. మా ఎక్స్ఛేంజిలో అలా చేస్తే సూపర్‌వైజరమ్మ చెవులు మెలిపెట్టేది. అవతలివాళ్లు హలో అనేదాకా ఇవతలి తీగ వదిలేవాళ్లం కాదు."

పెద్ద ఇంజినీరు నవ్వాడు. "రెండూ పట్టుకుంటే బ్యాటరీ తాగేస్తుందమ్మా."

"దారంతా ఎవరు పట్టుకోమన్నారు? శిఖరానికి ముందు రెండు నిమిషాలు చాలు. శాటిలైటు పలికాకే టవర్‌ని వదలండి."

అతని నవ్వు ఆగిపోయింది. బ్యాటరీ లెక్క చూశాడు, మళ్లీ చూశాడు. వెంటనే కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. సాయంత్రందాకా మార్చారు, సరిచూశారు.

మర్నాడు పొద్దున డ్రోన్ లేచింది. అది శిఖరం చేరేసరికి గదిలో అందరూ తెర ముందుకు చేరారు. తెర మీద టవర్ గుర్తు పచ్చగా ఉంది. దాని పక్కనే ఉపగ్రహం గుర్తూ పచ్చబడింది. ఆ తర్వాతే టవర్ గుర్తు ఆరింది. డ్రోన్ మాత్రం ఆగలేదు, కొండ దాటి తన దారిన తాను పోతూనే ఉంది. అంత చదువుకున్నవాళ్లూ కుర్చీలెక్కి గంతులేశారు. ఆపరేటరమ్మ కళ్లు తుడుచుకుంటూ కొండ దాటిన టైము రాసింది.

కాసేపటికి ఫోన్ మోగింది.

"వచ్చేసింది అక్కా. పెట్టె నా చేతిలోనే ఉంది," అంది చెల్లెలు. "రేపు కూడా పంపిస్తారా?"

ఆ మాట చెప్పే అధికారం ఆవిడకెక్కడిది? అయినా పెద్ద ఇంజినీరు వైపు చూడనైనా లేదు.

"రోజూ పంపిస్తాం," అంది.

గదిలో ఒక్కరూ కాదనలేదు.