కరుణమ్మ గారి పెయిన్ స్కోర్

2018లో నేను విజయవాడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఆర్థో వార్డులో స్టాఫ్ నర్సుని. ఆర్థో అంటే ఎముకల విభాగం. బాత్రూములో జారిపడ్డవాళ్లు, బస్సు దిగుతూ కాలు మడతపడ్డవాళ్లు, బండి వెనక కూర్చుని చీర చక్రంలో ఇరుక్కున్నవాళ్లు, ఆడవాళ్ల వార్డులో పన్నెండు మంచాలూ ఎప్పుడూ నిండే ఉండేవి.

మా పనిలో పెయిన్ స్కోర్ అని ఒకటుంది. నొప్పికి సున్నా నుంచి పది దాకా పేషెంటే మార్కు వెయ్యాలి. సున్నా అంటే నొప్పి లేదని, పది అంటే ఇక తట్టుకోలేనని. వాళ్లు చెప్పిన అంకె మేము కేస్ షీటులో రాస్తాం. జ్వరానికి థర్మామీటరు ఉంది, బీపీకి మిషను ఉంది. నొప్పికి మాత్రం పేషెంటు నోరు తప్ప మరో సాధనం లేదు. ఆ నోరు ఎవరైనా మూయిస్తే ఏమవుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కరుణమ్మ గారిది కంకిపాడు దాటాక లోపలికి ఒక ఊరు. యాభై ఎనిమిదేళ్లుంటాయి. భర్త లేరు. ఊరి బళ్లో మధ్యాహ్న భోజనం వండేవారు. ఆదివారం చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేవారు. కాలవగట్టు రోడ్డు మీద షేర్ ఆటో బోల్తాపడి కుడికాలు మోకాలి కింద విరిగింది. ఎముక పక్కకి జరగలేదు కాబట్టి ఆపరేషన్ అక్కర్లేదని డాక్టరు గారు తొడ దాకా ప్లాస్టర్ కట్టు వేసి, రెండు రోజులు వాపు గమనించమని వార్డులో ఉంచారు.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి నేను డ్యూటీ ఎక్కాను. డ్యూటీ మారేటప్పుడు ముందు షిఫ్టు నర్సు ఒక్కో పేషెంటు సంగతీ చెప్పి అప్పగిస్తుంది. దాన్ని హ్యాండోవర్ అంటాం. "ఆరో బెడ్డు కరుణమ్మ బంగారం లాంటి పేషెంటు. ఒక్క మాట ఇబ్బంది పెట్టదు. ఏడో బెడ్డుతోనే చచ్చిపోతున్నాను" అందామె.

ఏడో బెడ్డు రమాదేవి గారు. ఉయ్యూరు వైపు రైతు కుటుంబం. తుంటి ఆపరేషనైంది. ఫ్యాను శబ్దం చేస్తోందనీ, సాంబారులో ఉప్పు లేదనీ, దిండు ఎత్తు సరిపోలేదనీ గంటకి నాలుగుసార్లు బెల్లు నొక్కేవారు. మేమంతా ఆవిడ మంచం దాటేటప్పుడు అడుగులు వేగంగా వేసేవాళ్లం.

కరుణమ్మ గారిని నొప్పి ఎంతుందని అడిగాను.

"రెండు వేసుకోమ్మా. దేవుని దయ" అన్నారు నవ్వుతూ.

రెండు అని రాశాను. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేనూ క్రైస్తవురాలినే. ఆవిడని చూసి, మనవాళ్ల ఓర్పే వేరు అని లోపల కొంచెం గర్వపడ్డాను. నుదుట చెమట పట్టి ఉండటం చూసి కూడా ఉక్కపోతకే అనుకున్నాను. కాలి వేళ్లు చూశాను. రంగు బాగానే ఉంది, వెచ్చగానే ఉన్నాయి. అంతటితో ఊరుకున్నాను.

నాలుగింటికి వాళ్ల చర్చి సంఘ పెద్ద ప్రసాదరావు గారు వచ్చారు. తెల్ల చొక్కా, చేతిలో నల్ల అట్ట బైబిలు. మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. నేను ఎదుటి మంచానికి సెలైన్ మారుస్తున్నాను కాబట్టి ప్రతి మాటా వినబడింది.

"కాలు బాగా లాగేస్తోందండీ. రాత్రి నించీ ఒకటే పోటు" అన్నారు కరుణమ్మ గారు చాలా మెల్లగా. నాకు చెప్పని మాట అది.

"చూడు కరుణమ్మా, సణక్కూడదు. అరణ్యంలో దేవుడి మీద సణిగినవాళ్లు ఎలా నశించారో బైబిలు కథల్లో నువ్వే పిల్లలకి చెప్తావు. పక్కనున్నవాళ్లు అన్యులు, ప్రభువుని ఎరగనివాళ్లు. మన నడతే మన విశ్వాసానికి సాక్ష్యం, అది చూస్తున్నారు. శ్రమ వచ్చిందంటే దేవుడు నిన్ను పరీక్షిస్తున్నాడని. ఓర్చుకో."

ఆవిడ తల ఊపారు. సెలైన్ సీసా తగిలించి నేను అటు వెళ్లేసరికి మళ్లీ నవ్వు ముఖం పెట్టారు. "ఇందాక నొప్పి అంటున్నారే?" అన్నాను. "అబ్బే, ఏం లేదమ్మా" అన్నారు. సరే, మందులు ఇవ్వడం ముగించి వచ్చి చూద్దాంలే అనుకుని ముందుకి కదిలాను.

పది నిమిషాలు కాలేదు, ఏడో బెడ్డు బెల్లు మోగింది. విసుక్కుంటూ వెళ్లాను.

"నాకేం వద్దు సిస్టర్. ముందు ఆవిణ్ణి చూడండి" అన్నారు రమాదేవి గారు. "పొద్దుటి నించీ చూస్తున్నాను, దుప్పటి కొరుక్కుంటోంది. మీరొస్తే నవ్వుతోంది. నవ్వితే నొప్పి లేనట్టేనా? మీకు కళ్లు లేవా?"

కరుణమ్మ గారి దుప్పటి అంచు తీసి చూస్తే పంటిగాట్లు. కాలి బొటనవేలు పట్టుకుని మెల్లగా పైకి వంచాను. ఆవిడ నోరు తెరవలేదు కానీ ఒళ్లంతా విల్లులా వంగింది, కళ్లలోంచి ధారగా నీళ్లు కారాయి. "వేళ్లు మొద్దుబారిపోయాయమ్మా. నావి కానట్టున్నాయి" అన్నారు.

దీన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. కట్టు లోపల కండ వాచిపోయి, వాపుకి చోటు లేక దానికి రక్తం అందదు. వేళ్లు వెచ్చగా ఉన్నా లోపల కండ చచ్చిపోతూ ఉండొచ్చు. మొదటి గుర్తు నొప్పే, మామూలు విరుపుకి మించిన నొప్పి, వేలు వంచితే ఇంకా పెరిగే నొప్పి. గంటల్లో తేల్చకపోతే కాలే పోవచ్చు.

డాక్టరు గారికి ఫోన్ చేసి, కట్టు చీల్చే సామాను తెచ్చేసరికి ప్రసాదరావు గారు ఆవిడ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టి ఉన్నారు. "ఒక్క ఐదు నిమిషాలు ఆగమ్మా" అన్నారు.

"ఆగను. మీరు బయటికి నడవండి" అన్నాను. వార్డంతా వినబడేలా అన్నాను. ఒక సంఘ పెద్దతో అలా మాట్లాడటం నా జన్మలో అదే మొదటిసారి.

డాక్టరు గారు వచ్చి కట్టు పూర్తిగా చీల్చారు. పిక్క రాయిలా ఉంది. "రెండని రాశారేంటి సిస్టర్?" అన్నారు. "ఆవిడ అంతే చెప్పారు సార్." "చెప్పకపోతే వేలు వంచి చూడాలని తెలీదా?" ఆపరేషనుకి కరుణమ్మ గారు తనే సంతకం పెట్టారు, అటునించటే థియేటర్‌కి తీసుకెళ్లారు. వాపుకి చోటిచ్చేందుకు పిక్క పొడుగునా రెండు వైపులా కోసి, కుట్టకుండా వదిలేశారు. ఫేషియాటమీ అంటారు దాన్ని. కాలు దక్కింది. కొంత కండ మాత్రం అప్పటికే చచ్చిపోయింది.

ఆ పుండు డ్రెస్సింగ్ ఎంత బాధో చూసినవాళ్లకి తెలుసు. మూడో రోజు నేను గాజుగుడ్డ తీస్తుంటే ఆవిడ మళ్లీ పళ్లు బిగించారు. నాకు కోపం ఆగలేదు.

"అమ్మా, ప్రభువు సిలువ మీద పళ్లు బిగించుకుని ఊరుకున్నాడా? నన్నెందుకు విడిచిపెట్టావని తండ్రిని అడిగాడు కదా. గట్టిగా కేకేసే అడిగాడు. అది సణుగుడా?"

ఆవిడ బిగించిన పళ్లు వదిలారు. "కాదమ్మా. అది మొర" అన్నారు. తర్వాతి గుడ్డ తీస్తుంటే "అమ్మో, దేవుడా!" అని అరిచారు. వరండాలో వాళ్లు తొంగిచూసేంత గట్టిగా. ఏడుస్తూనే, "పది వేసుకో తల్లీ, పది" అన్నారు. డాక్టరు గారిని అడిగి ఇంజెక్షను పెంచాం. ఆ మధ్యాహ్నం, ఆసుపత్రికి వచ్చాక మొదటిసారి ఆవిడ హాయిగా నిద్రపోయారు.

ఆ వారంలోనే ప్రసాదరావు గారు మళ్లీ వచ్చారు. దేవుడు గొప్ప కార్యం చేశాడు, ఇంటికెళ్లాక ఒక ఆదివారం చర్చిలో అందరి ముందూ ఆ సాక్ష్యం చెప్పాలన్నారు. కరుణమ్మ గారు ఆయన్ని కూర్చోమని, నెమ్మదిగానే అడిగారు. "అయ్యా, మీకు మోకాళ్ల నొప్పులని కుర్చీలో కూర్చుని ప్రార్థన చేస్తారు కదా. ఆ నొప్పి సంగతి సంఘంలో మీరే చెప్పి కుర్చీ వేయించుకున్నారు. అది సణుగుడు కాలేదా? నాదే అయ్యిందా?"

ఆయన బైబిలు అటూ ఇటూ తిప్పారు. "నేను నీ మంచికే చెప్పానమ్మా" అన్నారు. నిజమే కావచ్చు. ఆయన చెడ్డవాడని నేననను. కానీ ఆ మంచి ఖరీదు ఆవిడ పాదం. ఫుట్ డ్రాప్ మిగిలిపోయింది, అంటే పాదం పైకి లేవదు. ఇప్పటికీ చెప్పులో ప్లాస్టిక్ పట్టీ పెట్టుకుని, కాలు ఈడుస్తూ నడుస్తారు. పెద్ద గుండిగలు దించలేక బడి వంట మానేశారు.

ఈ కేసు నాకు నేర్పింది మొదట నా ఉద్యోగం గురించే. "ఇబ్బంది పెట్టని పేషెంటు" అని హ్యాండోవర్‌లో ఎవరన్నా అంటే ముందు ఆ మంచం దగ్గరికే వెళ్తాను. అంకె అడిగి ఊరుకోను, వేలు వంచి చూస్తాను. నోరు మూసుకున్న ఆడమనిషిని మెచ్చుకోవడం ఆసుపత్రికీ సుఖం, చర్చికీ సుఖం. ఆ సుఖానికి ఓర్పు అని పేరు పెట్టి దేవుడి మీదకి తోసేస్తున్నాం. అన్నం మీదా ఎండ మీదా విసుక్కోవడం వేరు, బాధలో ఉన్న బిడ్డ తండ్రిని పిలవడం వేరు. ఈ రెండోది నేరమని బోధించే హక్కు ఎవరికీ లేదు.

కరుణమ్మ గారు చివరికి సాక్ష్యం చెప్పారు. నన్ను రమ్మంటే వాళ్ల ఊరు వెళ్లాను. కాలు దక్కినందుకు స్తోత్రం చెప్పి ముగించమని ముందే ఎవరో చీటీ రాసి ఇచ్చారు. ఆవిడ దాన్ని మడిచి బొడ్లో దోపుకుని, "ముందు నాకెక్కడ నొప్పి పుట్టిందో చెప్తాను. స్తోత్రం తర్వాత" అని మొదలుపెట్టారు.