గుర్రం కింది అక్షరాలు

అంకుల్ పోయారని మంగళవారం పొద్దున ఆంటీ ఫోన్ చేశారు. ఆఫీసుకి బయలుదేరి బస్‌స్టాప్‌లో ఉన్నాను. "నిద్రలోనే వెళ్ళిపోయారమ్మా. నువ్వు రాగలవా?" వస్తానన్నాను.

ఆయన నాకు బంధువు కారు. న్యూజిలాండ్‌లోనే, పామర్‌స్టన్ నార్త్‌లో చదువుకున్నన్నాళ్ళూ వాళ్ళింట్లో అద్దెకున్నాను. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. అమెరికా వలస కాలం నాటి, ఆ వెంటనే వచ్చిన రాగి నాణేల చరిత్ర ఆయన లోకం. అప్పట్లో కొందరు కొత్త రాగి కొనలేక, పక్క రాష్ట్రపు పాత నాణేల మీదే తమ ముద్ర కొట్టేసేవారట. ఆయన దగ్గరి నాణెం మీద గుర్రం తల, నాగలి ఉండేవి. ఆ గుర్రం మెడ కింద పాత నాణెపు అక్షరాలు మిగిలి ఉన్నాయని ఆయన కనిపెట్టారు. ఆ గుర్రం అచ్చుతో కొట్టిన వాటిలో అలాంటిది అంతకుముందు ఎవరూ చూసినట్టు లేదు. వ్యాసం రాసి అమెరికాలో నాణేల పత్రికకు పంపబోతున్న రోజులవి.

"ఈ దేశంలో గొర్రెల గురించి ఎత్తితే వీధంతా వస్తుంది, అమ్మాయ్. దీనికి నువ్వూ నేనే" అని నవ్వేవారు.

చిన్నప్పుడు కాన్వెంటు స్కూల్లో అలవాటైన మౌనం నాకు ఆయన నాణేల గదిలోనే పనికొచ్చింది. నాణేన్ని కదపకుండా దీపాన్ని చుట్టూ తిప్పేవారు. నీడ సరిగ్గా పడినప్పుడు అక్షరాలు లేచేవి. "ఉందనుకుని చూడకు. కనపడితేనే రాయి" అనేవారు. నేను తీసిన ఫోటోల్లో మాత్రం మరకలే వచ్చాయి.

శ్రావణ శుక్రవారం ఆంటీ పూజ సామాన్లతో పాటు బల్ల మీది ఆ నాణేన్నీ చింతపండు, ఉప్పు పెట్టి తోమేశారు.

"ఏమండీ, చూశారా! ఎన్నాళ్ళ మురికో. ఇప్పుడు చూడండి, కొత్త చెంబులా లేదూ?"

ఆయన దీపం ఒక చుట్టంతా తిప్పారు. గుర్రం ఉంది. అక్షరాలు లేవు. ఆంటీ తడి చేతులతో గుమ్మంలో ఎదురుచూస్తున్నారు.

"బాగా మెరుస్తోందోయ్" అన్నారాయన.

ఆ సాయంత్రం నా చేత అమెరికాకి మెయిల్ కొట్టించారు. తన అజాగ్రత్త వల్లే నాణెం పాడైందని, వ్యాసం పంపడం లేదని.

"నేనూ చూశాను కదా అంకుల్. నా మాటా రాయండి."

"మనం చూశాం. వాళ్ళకి చూపించలేం కదా." దీపం ఆర్పి, "మీ ఆంటీకి చెప్పకు" అన్నారు.

తర్వాత ఆయన మెయిళ్ళకి అమెరికా నుంచి జవాబులు పలచబడ్డాయి. ఆయన రోజూ వేరే నాణేలు ముందేసుకుని కూర్చునేవారు. పక్కన నేనుండేదాన్ని. ఆ గదిలో ఉన్నంత తోడు నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

అంత్యక్రియల మర్నాడు ఆంటీ ఆయన చొక్కాలన్నీ ఉతికి పెరట్లో తీగ మీద ఆరేస్తున్నారు. క్లిప్పులు అందిస్తున్నాను.

"ఆ గుర్రం బిళ్ళ గురించి రాస్తానన్నారు, రాయనేలేదు. నీకేమైనా చెప్పారా?"

"ఆధారాలు చాలలేదన్నారు, ఆంటీ."

అబద్ధం కాదు. అయినా ఆమె మొహం చూడలేకపోయాను.

"మీ అంకుల్ పనిలో నేను చెయ్యి పెట్టింది ఆ ఒక్కసారే" అన్నారు ఆంటీ.

బుట్టలో ఇంకా ఉతకని నీలం స్వెటర్ ఒకటి మిగిలింది. తీసి, మొహం దాకా తెచ్చుకుని, అలాగే నిలబడ్డారు.

"ఇదొక్కటీ ఉతకనులే" అని చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళారు.

కొండల మీంచి గాలి దిగింది. తీగ మీద చొక్కాల చేతులన్నీ గాలితో నిండి, ఒకదాన్నొకటి తట్టుకుంటున్నాయి.