బానెట్ మీది కాగితం పట్టీ

సోమవారం పొద్దున్న పక్కింటి గుమస్తాగారు పోయారన్నారు. అబద్ధమన్నాను. ఆదివారం సాయంత్రం నా అరుగు మీద కూర్చుని, "ఏటి మేస్త్రీ, టీలో పంచదార మరిసిపోనావా, పిసినారితనమా?" అని వెక్కిరించిన మనిషి తెల్లారేసరికి ఎలా పోతాడు? వెళ్లి చూశాను. చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. ఇప్పటికీ నమ్మకం కుదరడం లేదు.

నేను బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. చదువు సంతకం దాకానే. ఆ ఊళ్లోనే లింగియాడీహ్ పేటలో ఇల్లు కట్టుకుని, కొత్త కారు కొన్నాను. పదిహేను రోజులు కాకుండానే రైలు గేటు దాటుతూ పట్టాల మీద ఆగిపోయింది. లోపల మా ఆవిడ ఉంది. గేటుమనిషీ నేనూ తోశాం.

షోరూముకు నాలుగుసార్లు తీసుకెళ్లాను. "కొత్త బండి, దారికొస్తుంది" అన్నారు. ఇంటికొచ్చేలోపే మళ్లీ ఆగేది. ఒళ్లు మండి, పానాల సంచీ తెచ్చి బానెట్ ఎత్తాను.

గుమస్తాగారు పరుగున వచ్చారు.

"ఆగు! ఒక్క నట్టు తిప్పేవంటే, నువ్వే పాడుసేసేవంతారు."

"నాకు పనొచ్చు."

"అదే నీ తప్పు. రేపు కంపెనీవోళ్లు ముందు అదే అడుగుతారు. సరే, షోరూమోళ్ల సేత ఏటైనా రాయించేవా?"

"లేదు."

"అచ్ఛా. నోటిమాటలు నమ్ముకున్నావన్నమాట."

ఆయన రైల్లో సరుకు పోయినవాళ్లకు పరిహారం తేల్చే రైల్వే క్లెయిముల ఆఫీసులో పనిచేసేవారు. వ్యాగను తలుపు సీలు చెదిరితే సరుకు గురించి ఎవరి మాటా చెల్లదని తెలిసిన మనిషి. నాతో షోరూముకొచ్చి, లోపం ఏమిటో, వాళ్లేం చేశారో దగ్గర నిలబడి రాయించారు. కారు మళ్లీ ఆగింది. అప్పుడు బానెట్ అంచున కాగితం పట్టీ అతికించి, దాని మీద నా చేత సంతకం పెట్టించి, పక్కన తనూ పెట్టారు. నా పానాల సంచీ తనింట్లో పెట్టి తాళం వేశారు. "ప్లీడరు అక్కర్లేదు, కొన్నోడే అడగొచ్చు" అని వినియోగదారుల ఫోరానికి అర్జీ తనే రాశారు.

ఎనిమిది నెలలు కారు ఇంటి ముందే ఉంది. నా చేతులు ఊరుకునేవి కావు. వానొస్తే పట్టీ తడవకుండా ఆయనే టార్పాలిన్ కప్పేవారు.

ఫోరంలో కంపెనీ ప్లీడరు అన్నది సరిగ్గా అదే: "ఫిట్టరువి, నువ్వే విప్పి ఉంటావు." ఫోరం పంపిన ఇంజనీరు వచ్చి, చెదరని పట్టీని అందరి ముందూ ఊడదీసి తెరిచాడు. తయారీలోనే లోపమని రాశాడు. కారు మార్చి ఇవ్వమని తీర్పు వచ్చింది.

"ఇంక టీ పెట్టించు, మేస్త్రీ" అన్నారాయన. అంతే.

సంచీ తిరిగిచ్చారు గానీ ఒక పానా ఉంచేసుకున్నారు. "నీ సేతిని నేన్నమ్మను" అన్నారు. ఆయనకు నేను ఒక్క మంచిమాట చెప్పలేదు. చెప్పడం నాకు చేతకాదు. రేపు చెప్పొచ్చులే అనుకున్నాను.

ఇవాళ పొద్దున్న ఆయన భార్య వచ్చి, "ఇది మీదే కదా అన్నయ్యగారూ" అని ఆ పానాను మార్చి ఇచ్చిన కారు బానెట్ మీద పెట్టి వెళ్లింది. దానికి ఆయన దాచుకున్న ఆ పాత పట్టీ చుట్టి ఉంది. నా వంకర సంతకం, పక్కనే ఆయనది.

పొద్దు వాలింది. పానా అక్కడే ఉంది. నేను ముట్టుకోలేదు.