పెయింటర్ ఎడమచేతి సంతకం

ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే అక్కను ఇంట్లో అందరూ గుసగుస అనే పిలిచేవారు. నోట్లో నాలుక లేని మనిషి. ఆమె మాట వినాలంటే పక్కన ఆనుకుని నిలబడాల్సిందే. పెళ్ళి మాటెత్తితే వంటింట్లోకి జారుకునేది. నలభై దాటినా తమ్ముడి కుటుంబంతోనే ఉండిపోయింది.

తమ్ముడు అంబులెన్స్ డ్రైవరు. పేటకూ ఆసుపత్రికీ మధ్య ఉన్న వంతెన బీటలువారి మూతపడింది. రోగులను ఊరంతా తిప్పి తీసుకెళ్ళాల్సి వచ్చేది. రెండు పెద్ద పార్టీలూ వంతులేసుకుని మాటలిచ్చాయే గానీ ఒక్క రాయి కదల్లేదు. చివరికి ఒక బాలింత ఆ చుట్టుదారిలోనే, అతని బండిలోనే కన్నుమూసింది. ఆ వారమే అతను నగర సభ ఎన్నికల్లో తానే నిలబడతానన్నాడు.

నిలబడటమంటే మాటలా! పెద్ద పార్టీ అభ్యర్థికి ఒక్కరు సంతకం చేస్తే చాలు. ఏ అండా లేనివాడికి మాత్రం పేటలో వందమంది ఓటర్లు సంతకాలు పెట్టాలి. ప్రతిదీ ఎన్నికల ఆఫీసులో ఉన్న పాత సంతకంతో కలవాలి. తమ్ముడికి డ్యూటీ, మరదలికి చంటిపిల్ల.

"నేను వెళ్తాలే," అంది గుసగుస.

"నువ్వా వదినా?" మరదలు నోరు తెరిచింది.

మొదటి ఇంటి గంట కొట్టబోయి చెయ్యి దించుకుంది. మళ్ళీ ఎత్తింది. ఇంతలో చెత్తబుట్టతో బయటికొచ్చిన ఇల్లాలు అదిరిపడింది. "ఎంతసేపయిందమ్మా నువ్వొచ్చి?" విషయం విని నవ్వి, సంతకం పెట్టింది.

కొందరు మొహం మీదే తలుపేశారు. "పెడితే మావాళ్ళు ఊరుకోరు," అని గొంతు తగ్గించి చెప్పారు ఇంకొందరు. కానీ ఒకాయన నిచ్చెన దిగకుండానే కలం అందుకున్నాడు. ఒకామె పిండి చేతులు కడుక్కొచ్చి మరీ రాసింది. ముక్కూమొహం తెలియని తన ముందు మనిషి తలవంచి పేరు రాస్తుంటే గుసగుసకు ఒళ్ళు జలదరించేది.

షాపుల బోర్డులు రాసి బతికిన ముసలి పెయింటర్‌కు పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది.

"నా ఓటు ఎప్పుడూ వేసే పార్టీకేనమ్మా. మీవాడికి వెయ్యను," అన్నాడు, కలం ఎడమచేత్తో పట్టుకుంటూ.

"మరి సంతకం?"

"వాడు వద్దని నేను అనుకోవడానికైనా, ముందు వాడి పేరు బ్యాలెట్‌లో ఉండాలిగా!"

నామినేషన్ల చివరి రోజు ఆఫీసులో అధికారి చాలా సంతకాలు కొట్టేశాడు. చిరునామా తప్పని కొన్ని, గజిబిజిగా ఉన్నాయని కొన్ని. పెయింటర్‌ది పాతదానితో కలవలేదన్నాడు. అది పోతే ఒక్కటి తక్కువ.

"పోనీలే అక్కా," అన్నాడు తమ్ముడు, నేల చూస్తూ.

"ఆయన మీ ముందే పెడితే ఒప్పుకుంటారా సార్?"

ఆ గొంతు అందుకోవడానికి గదిలో మాటలన్నీ ఆగిపోయాయి. ఆ గొంతు తన అక్కదేనా అని తమ్ముడు తలెత్తి చూశాడు.

"ఆఫీసు మూసేలోగా వస్తే ఒప్పుకుంటా," అన్నాడు అధికారి.

ఆఫీసు ఉన్నది మూతపడ్డ వంతెనకు అవతల, తమ్ముడి అంబులెన్సేమో రోగులకు తప్ప కదలదు. చక్రాల కుర్చీలో పెయింటర్‌ను కూర్చోబెట్టి ఆ చుట్టుదారంతా తోసుకొచ్చింది. గేటు మూసే మనిషి వాళ్ళను చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ముసలాయన ఎడమచేత్తో కలం పట్టుకున్నాడు. మొదటి అక్షరం పక్కకు ఒరిగింది. ఆగి, ఊపిరి పీల్చుకుని, రెండోది మొదలుపెట్టాడు. గుమాస్తాలు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. కాగితం జారబోతే, అభ్యంతరాలు చెప్పడానికే వచ్చిన పెద్ద పార్టీ ఏజెంటు వంగి అంచు పట్టుకున్నాడు. గుసగుస కళ్ళార్పలేదు. ఒక మనిషి తన పేరు రాయడం ఇంత గొప్ప సంగతని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"ఈయన సంతకమే," అన్నాడు అధికారి, రెండు ఎడమచేతి సంతకాలూ పక్కపక్కన పెట్టి చూసి.

పోలింగు రోజు బ్యాలెట్‌లో అట్టడుగున తమ్ముడి పేరు చూసి ఆమె అలాగే నిలబడిపోయింది. "అయిందామ్మా?" అని బయటినుంచి రెండుసార్లు అడిగారు.

తమ్ముడు చిత్తుగా ఓడిపోయాడు. మర్నాడు పొద్దున్నే బండి తీసి డ్యూటీకి వెళ్ళాడు. గుసగుస పెయింటర్‌ను చూడబోయింది. ఆయన దాపరికం లేకుండా, "చెప్పినట్టే మా పార్టీకే వేశా," అన్నాడు. "వచ్చేసారీ నిలబెట్టండి. సంతకం పెడతా. ఓటు మాత్రం అడక్కండి."