బియ్యంలో బంతి

మొన్న సోమవారం మా ఆవిడ అన్నం వండడానికి బియ్యం డబ్బాలో గ్లాసు ముంచితే అడుగున ఏదో గట్టిగా తగిలింది. తీసి చూస్తే బేస్‌బాల్. తెల్ల తోలు, ఎర్ర కుట్లు, ఒళ్లంతా బియ్యప్పొడి అంటుకుని, పౌడరు దట్టించిన పెళ్లికొడుకులా ఉంది. "ఏవండీ, నిన్న పెద్దాయన మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లింది ఇందుకా?" అంది మా ఆవిడ. నేను వెంటనే డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కలియబెట్టాను. నా స్వభావం అంత. ఒకటి దొరికిందంటే రెండోది ఇంకెక్కడో దాచారని నా అనుమానం. రెండోది లేదు. ఉన్న ఒక్కదాన్నీ మళ్లీ బియ్యంలోనే పాతిపెట్టి మూత బిగించాను. తీసేస్తే వచ్చే ఆదివారం ఆ పెద్దాయన వచ్చి సంజాయిషీ అడుగుతాడు.

పెద్దాయన అంటే మా బామ్మర్దికి పిల్లనిచ్చిన మామగారు. ఘనా దేశం మనిషి. అక్రాలో పుట్టి, కెనడా వచ్చి, బ్రాంప్టన్‌లో సిటీ బస్సు నడిపి నడిపి రిటైరయ్యాడు. వరస కలిపి చూస్తే నాకు బాబాయి అవుతాడు. కానీ ఆరేళ్ల కిందట ఆ ఎండాకాలమంతా ఆయన నాకు బాబాయి కాదు, ముద్దాయి.

అప్పట్లో మా బామ్మర్ది మా బేస్‌మెంట్‌లో ఉంటూ టొరంటోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వెళ్లొచ్చేవాడు. ఒకనాడు భోజనాల దగ్గర, పప్పులో నెయ్యి వేసుకున్నంత మామూలుగా, ఆఫీసులో ఒక అమ్మాయిని పెళ్లి చేసుకుంటానని చెప్పేశాడు. తెనాలిలో ఉన్న మా అత్తగారికి వీడియో కాల్‌లో చెప్పాం. మామగారు పక్కనే ఉన్నారు గానీ, ఆయన ఏ ప్రశ్నకైనా "మీ అత్తయ్యని అడగండి" అని సెలవిచ్చే మనిషి.  మూడో రోజుకి అత్తగారు దేశం వేరు, మతం వేరు, రంగు వేరు అన్నీ కలిపి ఒక్క గుక్కలో మింగేసింది. ఒక్కటి మాత్రం గొంతులో అడ్డం పడింది. మావాడు గొప్పగా ఉంటుందనుకుని ఒక ముక్క ఎక్కువ చెప్పాడు: పిల్ల తండ్రి పడుచుతనంలో పశ్చిమాఫ్రికా ప్రొఫెషనల్ బేస్‌బాల్ లీగులో ఒక సీజను ఉన్నాడని.

"ఆఫ్రికాలో ఫుట్‌బాల్ ఆడతారని టీవీలో చూశాను. ఈ బేస్‌బాలేమిటి మధ్యలో?" అంది అత్తగారు. బామ్మర్ది నెట్‌లో గంటసేపు వెతికి మొహం వేలాడేసుకుని వచ్చాడు. అలాంటి లీగు ఆనవాలే లేదు. అంతే, ఆవిడ తీర్పు చెప్పేసింది. "చూడు నాయనా, దేశం కానివాళ్లయినా సర్దుకుంటాం, మాట నిలకడ లేనివాళ్లతో మాత్రం వియ్యం వద్దు. ఆటగురించే ఇంత అబద్ధం చెప్పేవాడు రేపు దేనిగురించి చెప్పడు? ముందు వాకబు చెయ్యండి. ఆషాఢం వెళ్లేలోగా నాకు చెప్పండి. అది అబద్ధమని తేలితే ఈ సంబంధం లేదు."

మా వైపు వాకబు పద్ధతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పిల్ల ఊరు వెళ్లి, పిల్ల ఇంటికి వెళ్లకుండా, చుట్టుపక్కలంతా తిరగాలి. టీ కొట్టు దగ్గర కూర్చోవాలి, మంగలి దగ్గర గడ్డం గీయించుకోవాలి, అద్దెకు ఇల్లు కావాలన్నట్టు పక్కింటి తలుపు తట్టాలి. బ్రాంప్టన్‌లో ఇవేవీ కుదరవు. మా వీధిలో పక్కింటాయన పేరు నాకు తెలియదు, ఆయన మంచు తోసే యంత్రం చప్పుడు మాత్రం తెలుసు. అందుకని సూటిగా ఇంట్లోకే మనిషిని పంపాలన్నారు. ఆ మనిషిని నేను. మా ఇంట్లో అందరూ చదువుకున్నవాళ్లు. మా ఆవిడ నర్సు. ఆవిడకొచ్చిన కెనడా పీఆర్ వీసా వెనకాల వచ్చిన సామాన్లలో నేనొకణ్ణి. నేను తొమ్మిదో తరగతిలో బడికి సెలవు పెట్టాను, ఆ సెలవు ఇంకా పూర్తి కాలేదు. అయినా అత్తగారు నన్నే ఎంచింది. "చదువుకున్నవాళ్లకి ఎవరైనా గట్టిగా చెబితే నమ్మేస్తారు. మా పెద్దల్లుడుగారు అద్దంలో మొహం కనబడినా తనదేనా అని వెనక్కి తిరిగి చూసుకునే రకం. ఆయన్నే వెళ్లమనండి." పొగిడిందో తిట్టిందో ఇప్పటికీ అనుమానమే. నేను బయలుదేరబోతుంటే ఇంకో మాట అంది: "ఇల్లెలాంటిదో తెలియాలంటే మొదటి వడ్డన చూడకండి బాబూ. మొదటిసారి ఎవరైనా వడ్డిస్తారు. రెండోసారి చూడండి."

మొదటి ఆదివారమే నాకు ఆధారం దొరికింది. వాళ్ల హాల్లో గోడకు ఒక పాత ఫొటో ఉంది. కొబ్బరిచెట్ల ముందు టోపీలు పెట్టుకున్న కుర్రాళ్లు రెండు వరసల్లో నిలబడ్డారు. అందరి చేతుల్లోనూ బ్యాట్లో గ్లవ్సో ఉన్నాయి. చివర నిలబడ్డ మన పెద్దాయన చేతిలో మాత్రం పళ్లెం ఉంది. అన్నం తినే పళ్లెం. నేను దాన్ని చూస్తుండగా ఆయన వెనక నుంచి వచ్చి "మా సీజను" అన్నాడు. ఏ సీజనో, ఏ పళ్లెమో చెప్పలేదు. ఆయన భార్యని నేను ఆంటీ అంటాను, ఘనా పొరుగున ఉన్న టోగో దేశంలో లోమే ఊరి ఆడపడుచు. ఆవిడ అప్పుడే జోలాఫ్ తెచ్చి పెట్టింది. టమాటా వేసి ఎర్రగా వండిన అన్నం. మన టమాటా బాత్‌కి పెద్దమ్మ కొడుకు. నేను ముందు వాసన చూశాను, తరవాత చెంచా కొసతో ఒక మెతుకు రుచి చూశాను, ఆ తరవాతే తిన్నాను. పెద్దాయన నన్నే చూస్తున్నాడు. నేనూ ఆయన్నే చూస్తున్నాను. మధ్యలో చల్లారింది అన్నమొక్కటే.

ఆ పై ఆదివారం నుంచి ఆయన నన్ను వాళ్లింటి దగ్గర పార్కుకు తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. అక్కడ బేస్‌బాల్ గ్రౌండు ఉంది, ఎవరెవరో ఆఫీసులవాళ్లు సరదాగా ఆడుకుంటూ ఉంటారు. ఆయన మడతకుర్చీ వేసుకుని, ఒళ్లో సొంత బంతి ఒకటి పెట్టుకుని, కోడిగుడ్డును పొదుగుతున్నట్టు కూర్చునేవాడు. వ్యాఖ్యానం మాత్రం కుండపోత. అక్రా జట్టు ఇలా, లేగోస్ జట్టు అలా, కోటోనూలో గ్రౌండు పక్కనే సముద్రం, బంతి నీళ్లలో పడితే చేపలవాళ్లు తెచ్చిచ్చేవాళ్లు. విన్నవన్నీ నేను బుర్రలో రాసుకుని, మర్నాడు నేను పనిచేసే వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఘనా కుర్రాణ్ణి అడిగేవాణ్ణి. ఓసారి వాడు విసిగి, "బ్రదర్, మీ దేశంలో ఐస్ హాకీ లీగు ఉందా అని నేనడిగితే నువ్వేం చెబుతావు?" అన్నాడు. "తెలియదంటాను." "నేనూ అదే చెబుతున్నాను." వాడి సాక్ష్యం కొట్టేశాను.

ఒకరోజు తెగించి, "అంకుల్, ఒక్క బంతి వెయ్యరాదూ, చూస్తాను" అన్నాను. నా ఇంగ్లీషులో వీలైనంత మర్యాదగానే అడిగాను. "కుడి భుజం నొప్పి" అన్నాడు. మరుసటి ఆదివారం మళ్లీ అడిగాను. ఎడమ భుజం నొప్పన్నాడు. "మీరు ఏ చేత్తో వేసేవారు?" అన్నాను. "నొప్పి లేని చేత్తో" అన్నాడు. సిటీ బస్సు నడిపినవాణ్ణి మాటలతో ఆపలేమని అప్పుడే అర్థమైంది. ఇంటికొచ్చి మా ఆవిడతో, "ఇతగాడు జన్మలో బేస్‌బాల్ ఆడలేదు, నా మీసం పందెం" అన్నాను. లోపల బేస్‌మెంటు మెట్ల మీద మా బామ్మర్ది కూర్చుని ఉన్నాడు. "బావా, అత్తయ్యకి ఇంకా చెప్పలేదుగా?" అని అడిగి, సొంత తల్లిని అత్తయ్య అన్నందుకు తనే తడబడ్డాడు. వాడి మొహం చూస్తే నా జోకు నాకే చేదుగా అనిపించింది.

ఆషాఢం అయిపోవచ్చిన ఆదివారం, వాన వల్ల పార్కు లేక, వాళ్లింట్లోనే కూర్చున్నాం. అత్తగారు సాయంత్రానికల్లా ఫోన్ చేయమంది. పెద్దాయన కుర్చీలో కునుకుతున్నాడు. ఇదే సమయమని తిన్న పళ్లెం పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లి, "ఆంటీ, నిజం చెప్పండి. అంకుల్ ఆ లీగులో ఆడారా?" అని అడిగేశాను. ఆవిడ గరిటె పక్కన పెట్టి, నడుం మీద చెయ్యి వేసి, ఇల్లు అదిరేలా నవ్వింది.

"ఆడడమా? ఈయనా? ఈయన తిన్నాడు!"

నా మీసం గెలిచింది. కానీ ఆవిడ అక్కడితో ఆగలేదు. ఆ లీగు నిజంగానే ఉండేదిట. నాలుగూళ్ల వ్యాపారులు కలిసి పెట్టారట. సముద్రపు గాలికి బంతులు చెమ్మెక్కి బరువెక్కేవి, కొడితే ముందుకు పోయేవి కావు. పైగా ఏ ఊళ్లో ఆట అయితే ఆ ఊరివాళ్లే బంతులు ఇవ్వాలి. దాంతో అందరికీ అందరిమీదా అనుమానం: నానబెట్టారనీ, మంత్రం వేశారనీ. తగువు తీర్చడానికి ఒక పద్ధతి పెట్టుకున్నారు. రావలసిన జట్టు వారం ముందే తమ మనిషినొకణ్ణి అవతలి ఊరికి పంపాలి. అతను వాళ్లింట్లోనే ఉండి, వాళ్ల పళ్లెంలోనే తింటూ, బంతుల్ని కనిపెట్టుకుని ఉండాలి. వాచర్ అనేవాళ్లట. మన భాషలో చెప్పుకోవాలంటే నిఘా చుట్టం. అక్రా జట్టుకు సీజనంతా ఆ నిఘా చుట్టం ఈ పెద్దాయనే. ఫైనల్ ముందు లోమేలో దిగింది ఆంటీ వాళ్లింట్లో. వాళ్లమ్మే అక్కడి జట్టుకు వంట చేసేది.

"మా అమ్మ బంతుల్ని బియ్యం కుండలో పెట్టేది, చెమ్మ పీల్చేస్తుందని. పెట్టేటప్పుడు పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకునేది. అన్నం కుండ ముట్టుకున్నా అదే ప్రార్థన. ఈయనగారు చూసి, మా ఊరి మంత్రగత్తె బంతులకి చేతబడి చేస్తోందని వాళ్ల జట్టుకి కబురు పంపాడు. వాళ్లు ఆడేది లేదన్నారు. మా వాళ్లు అమ్మనంత మాట అన్నందుకు మళ్లీ పిలిచేది లేదన్నారు. ఫైనల్ లేదు, రెండో సీజను లేదు. లీగు మొత్తం ఈయన నోటితో చచ్చింది!"

"చేతబడే!" అని కుర్చీలోంచి వినిపించింది. కునుకంతా నటనన్నమాట. "నాకిప్పటికీ అనుమానమే. క్షమాపణ చెప్పమని మావాళ్లు తిరిగి పంపిస్తే, వీళ్లమ్మ అవే బియ్యం వండి నా ముందు పెట్టి, 'తిను, పనిచేస్తుందో లేదో చూద్దాం' అంది. తిన్నాను. కూతుర్ని పెళ్లి చేసుకున్నాను. ఇంకేం సాక్ష్యం కావాలి?"

ఆంటీ గరిటె ఎత్తింది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన మాత్రం నవ్వలేదు. లేచి నా దగ్గరికి వచ్చి, మొదటిసారి గొంతు తగ్గించి అన్నాడు. "నువ్వు మా ఇంటికొచ్చిన రోజే తెలుసుకున్నాను, నువ్వు వాచర్‌వని. మామూలు చుట్టం తిన్నాక వాసన గురించి మాట్లాడతాడు. వాచర్ వాసన చూశాక తింటాడు. నేనూ అలాగే తినేవాణ్ణి." "మీవాళ్లకి ఏం కబురు పంపిస్తావు? మా అమ్మాయి వారం నుంచి సరిగ్గా తినడం లేదు."

ఆయన చెప్పింది నిజమని నా దగ్గర రుజువేమీ లేదు. మొగుడూ పెళ్లాలు కలిసి అల్లిన కథే కావచ్చని బుర్రలో పురుగు తొలుస్తూనే ఉంది. అయితే చేతిలో పళ్లెం ఉన్న ఆ ఫొటో ఎదురుగానే ఉంది. అబద్ధం చెప్పేవాడు బ్యాట్ పట్టుకునే ఫొటో దిగి ఉండేవాడు కదా అనిపించింది. అక్కడి నుంచే, వాళ్ల ముందే, తెనాలికి ఫోన్ కలిపాను.

"అత్తయ్యగారూ, ఆ లీగు ఉందో లేదో నేను తేల్చలేను. ఉందని అంటున్నారు. కానీ ఈయన మాత్రం ఆడలేదు. మనలాగే వాకబుకి వెళ్లి, వాళ్లింట్లో తిని, వాళ్లింటికే అల్లుడయ్యాడు."

అటునుంచి మామగారి గొంతు "ఏమంటున్నారు?" అని అడిగితే, ఆవిడ "మీరుండండి" అంది. తరవాత నన్నడిగింది.

"రెండోసారి వడ్డించారా?"

నా పళ్లెంలోకి చూసుకున్నాను. తెలుగు ముక్క ఒక్కటి కూడా రాని ఆంటీ, నేను ఫోన్‌లో ఉండగానే, ఎప్పుడు పెట్టిందో, జోలాఫ్ మళ్లీ గుట్టగా పెట్టేసి ఉంది.

"అడక్కుండానే, అత్తయ్యగారూ."

"అయితే శ్రావణంలో ముహూర్తం చూడమని చెప్తాను" అంది ఆవిడ. తెలుగు తెలియకపోయినా పెద్దాయన నా మొహం చదివేసినట్టున్నాడు. జేబులోంచి బంతి తీసి, నొప్పి ఏ భుజానికో మర్చిపోయి, కుడి చేత్తో నావైపు విసిరాడు. పట్టుకోలేకపోయాను. సరాసరి జోలాఫ్‌లో పడింది.

ఆ బంతే ఇప్పుడు మా బియ్యం డబ్బాలో ఉంది. వారానికొక చుట్టాలింట్లో పెడుతుంటాడు, ఈసారి మా వంతు. ఎవరు తీసేస్తారో, ఎవరు ఉంచుతారో కనిపెడుతున్నాడని నా అనుమానం. నేను కూడా రోజూ మూత తీసి డబ్బా తడుముకుంటూనే ఉన్నాను. మా అనుమానాలు ఆరేళ్లలో ఏమీ తగ్గలేదు, కాకపోతే ఇప్పుడు ఒకే పళ్లెంలో తింటున్నాయి. కాలం కూడా అలాంటి నిఘా చుట్టమే అనుకుంటాను: మనల్ని కనిపెట్టడానికే వస్తుంది, మన తిండే తింటుంది, తీరా చూస్తే ఏ కబురూ పంపకుండా మన ఇంటి మనిషైపోయి కూర్చుంటుంది.