రేకు మీద నీళ్ళు

మా ఆవిడ తమ్ముణ్ణి కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు లేరు. మా బిల్డింగులో కింది అంతస్తు అతనిది, పై అంతస్తు మాది. డాబా మీది ట్యాంకుకు నీళ్ళెక్కించే మోటారు స్విచ్చి అతని వంటింటి గోడకు ఉంది. అతని కొంప ముంచింది అదే.

ట్యాంకు నిండితే నీళ్ళు పొర్లి కింద పరిచిన రేకు మీద దబదబా పడేవి. ఆ చప్పుడు వినగానే అతను పరుగెత్తి మోటారు ఆపేవాడు. ఒకసారి గడ్డం గీసుకుంటూ సగంలో లేచి, వారమంతా ఒక చెంప నున్నగా, ఒక చెంప గుబురుగా తిరిగాడు. మీరు నమ్మరు. నమ్మకపోయినా ఫరవాలేదు, కూతురి పెళ్ళి ఫొటోలు చూడండి. పెళ్ళికూతురి పక్కన తండ్రి ఉండవలసిన చోట ఖాళీ. అది ట్యాంకు నిండే వేళ మరి. ఆ ఖాళీని ఆ పిల్ల ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇంత పరుగెత్తినా నీళ్ళు పొర్లుతూనే ఉన్నాయి, కరెంటు కాలుతూనే ఉంది. చివరికి అందరం కలిసి ఒక ఇంజనీరమ్మాయిని పిలిపించాం. ఆ అమ్మాయి కారే కుళాయిలు మార్పించింది. మనిషి అలికిడి అయితేనే వెలిగే దీపాలు మెట్ల మీద పెట్టించింది. ట్యాంకులో బెండులా తేలేదొకటి దించింది. నీళ్ళు గీత దాకా రాగానే అది పైకి లేస్తుంది, మోటారు ఆగిపోతుంది.

"దానంతట అదే ఆగుతుందా?" అన్నాడు మా బావమరిది.

"ఆగుతుందండీ."

"ఆగకపోతే?"

"ఆగుతుంది అంకుల్."

"అమ్మాయీ, నేనడిగేది ఆగకపోతే సంగతి!"

ఆ రోజు నుంచి అతనికి కాలు నిలవలేదు. ఇదివరకు చప్పుడు వస్తే లేచేవాడు, ఇప్పుడు రావడం లేదని లేస్తున్నాడు. ఎక్కడం, మూత తీసి చూడడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. అతని పుణ్యమా అని మెట్ల దీపాలకు ఆరే యోగమే లేకపోయింది.

అంతలో కూతురికి నొప్పులు మొదలయ్యాయని ఫోను. "ఈసారైనా నా పక్కన ఉంటావా నాన్నా?" అన్నదట.

టాక్సీ వచ్చింది. మోటారు తిరుగుతోంది. బావమరిది సంచి పట్టుకుని గేటు దగ్గర నిలబడి చెవి డాబా మీదే పెట్టాడు.

"ఎక్కవయ్యా! పుట్టే బిడ్డ నీకోసం ఆగుతుందా?" అన్నాను.

"ట్యాంకు నిండనీ బావా."

"నిండితే ఇప్పుడు చప్పుడు రాదుగా, మహానుభావా!"

"అదేగా నా ఏడుపు!"

మెడ వంచి లోపలికి తోశాను. టాక్సీ కదలబోయింది. సరిగ్గా అప్పుడే పైనుంచి దబదబా చప్పుడు.

"చచ్చాం! ఆగలేదు!" అంటూ దూకి, వంటింట్లో స్విచ్చి ఉన్న సంగతే మరిచి డాబా మీదికి పరుగెత్తాడు. అతను ఎక్కిన వేగానికి మెట్లే పక్కకు తప్పుకున్నాయి. నా మోకాళ్ళను బతిమాలుకుంటూ వెనకాలే నేనూ ఎక్కాను.

డాబా మీద మా ఆవిడ, కొంగు దోపుకుని, చేతిలో ఖాళీ బకెట్టుతో. ఎదురుగా తడిసిన రేకు.

"ఇంకా వెళ్ళలేదేమిట్రా? ఆ చప్పుడు వింటేగానీ నీ ప్రాణం కుదుటపడదని నేనే పోశాను!"

"అక్కా! కుదుటపడ్డం కాదు, పైప్రాణాలు పైనే పోయాయి!"

రొప్పుతూనే ట్యాంకు మూత తీశాడు. నీళ్ళు గీత దగ్గర అద్దంలా నిలిచి ఉన్నాయి. మోటారు ఎప్పుడు ఆగిందో మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు. కింద టాక్సీవాడు హారను మోగిస్తున్నాడు. బావమరిది మూత వేసి, వంగి ఆ రేకును పైకెత్తి చంకన పెట్టుకున్నాడు.

"అదెక్కడికిరా?"

"ఇది ఇక్కడుంటే నువ్వు మళ్ళీ పోస్తావు, నేను మళ్ళీ టాక్సీ దిగుతాను."

రేకుతో సహా టాక్సీ ఎక్కాడు.

సాయంత్రం ఫోను చేశాడు. "ఆడపిల్ల బావా! నేనుండగానే పుట్టింది." వెనక నుంచి చెవులు పగిలే ఏడుపు. "అప్పట్నుంచీ ఇదే వరస. ఎత్తుకుంటే ఏడుపు, దించితే ఏడుపు. ఏం చేయాలి?"

"కంగారు పడకు. దానంతట అదే ఆగుతుంది," అన్నాను.



"ఆగకపోతే?"